గోడ తిప్పని వానాకాలం

జ్యేష్ఠ బహుళ పంచమి

పని చేసిన రోజు చిట్టా రాయాలని మెట్టు సభవారి ఉత్తర్వు. ఏ ఇంటికి వెళ్ళాం, గోడలకి మందు పట్టిందా, ఇంటివారు ఏమన్నారు, అన్నీ రాయాలట. ఇంటివారు అన్నది అన్నట్టు రాస్తే సభలో పైకి చదవడం కష్టం. సగం రాస్తాను. మిగతా సగం సభవారికి ఎలాగూ తెలుసు, వాళ్ళ ఇళ్ళలోనూ అవే తిట్లు తిన్నాను కాబట్టి.

నేను నూకరత్నం, ఏడో మెట్టుకి మందు మేస్త్రిని. వీపున డబ్బా మోస్తూ గోడకి మందు కొట్టేవాడు సత్తిపండు. యాభై దాటినా తల్లి పెట్టిన ముద్దుపేరు అతన్ని వదల్లేదు. కోనసీమ సముద్రంలో కలిశాక మా తాతలు ఈ కొండెక్కి, కొండని మెట్లుగా చెక్కుకుని కాపురాలు పెట్టారు. దోమకి మెట్లెక్కడం రాదని ఒక తరం హాయిగా బతికాం. మూడేళ్ళ కిందట దానికీ వచ్చేసింది.

మా విద్య చిన్నది. దోమ మనిషిని కుట్టాక కడుపు బరువై ఎగరలేదు. విందు తిన్న పెద్దమనిషిలా పక్కనున్న గోడకి చేరగిలబడుతుంది. గోడకి మందు ఉంటే అక్కడే పోతుంది. కుట్టడం ఆపలేం, కుట్టినదాన్ని ఇంకో ఇంటికి పోనివ్వం, అంతే.

ఈ వేళ చాయమ్మగారింట్లో కొట్టాం. ఆవిడ నా వియ్యపురాలు. మా అమ్మాయి సుభాషిణి ఆ ఇంటి కోడలు, ఇప్పుడు అయిదో నెల. పోయిన వానాకాలం జ్వరం వచ్చి కడుపు పోయింది. ఆ మాట ఇక్కడ ఎందుకంటే, మిగతా ఇళ్ళలో నేను ఉద్యోగం కోసం మందు కొట్టిస్తాను, ఈ ఇంట్లో భయంతో కొట్టిస్తాను. ఇంకోసారి దాని మొహం అలా చూడలేను.

"వదినగారూ, మీ మందుకి దోమలు పోతున్నాయో లేదో గానీండి, మా ఇంటికి చుట్టాలు రావడం మానేశారండి," అంది చాయమ్మగారు పచ్చడి జాడీలు బయట పెడుతూ.

"అయితే సగం లాభం వచ్చినట్టే కదండీ," అన్నాను.

మందు ఆరాక ప్రతి గోడకీ జేగురుతో ఒక సున్నా చుట్టి, లోపల నిలువు గీత గీశాను. మందు పడ్డ గోడ అని గుర్తు. పొద్దు వాలుతోంది. ఇంటికెళ్ళి రాత్రి చలవకి గోడలు తిప్పుకోవాలి.

ఆషాఢ శుద్ధ సప్తమి

నిన్న కింద ఆసుపత్రి నుంచి దోమల మాస్టారు కామేశంగారు, కొండ మీదికి తాడుతో లాగే తాడుబండిలో వచ్చారు. ఈయన తన చెయ్యి అప్పగించి దోమల్ని పెంచుతారు. వాటిని గాజు గిన్నెలో పెట్టి, గిన్నెని మందు గోడకి బోర్లించి, కాసేపయ్యాక తీసుకెళ్ళి, మర్నాడు ఎన్ని బతికాయో చూస్తారు. చచ్చినవాటిని చూసి ఆయన సంతోషించాలో ఏడవాలో తెలియక దగ్గుతారు.

"అన్నీ పోయాయమ్మా. మందు దివ్యంగా పనిచేస్తోంది," అని కబురు పంపారు.

మందు దివ్యంగా పనిచేస్తుంటే జ్వరాలు అంతకన్నా దివ్యంగా వస్తున్నాయి. మందు కొట్టని ఆరో మెట్టుకీ, ఇల్లిల్లూ కొట్టిన మా మెట్టుకీ తేడా లేదు. సభలో కొందరు మేం డబ్బాల్లో నీళ్ళు నింపుతున్నామన్నారు. సత్తిపండు మందు అమ్ముకుంటున్నాడన్నారు. ఆ మాటకి సత్తిపండు అన్నం మానేశాడు. అతను అన్నం మానెయ్యడం అంటే మామూలు విషయం కాదు.

వింత ఇంకోటుంది. వీధి చివర సాలమ్మ మొగుడు పోయి నెల కాలేదు. ఆ ఇంట్లో ఎవరికీ జ్వరం లేదు. పైవరసలో ముసలాయన పోయిన ఇంట్లోనూ లేదు. చావు జరిగిన ఇంటికి జ్వరం రాదని, పోయినవాళ్ళు దాన్ని తమతో తీసుకుపోతారని ఆడవాళ్ళు చెప్పుకుంటున్నారు. పోయేవాళ్ళు అంత పనికొచ్చే మనుషులైతే బతికుండగా ఏం చేశారో మరి.

ఆషాఢ శుద్ధ త్రయోదశి

గోడలు కడిగేస్తున్నారని నా అనుమానం. మూడు రోజులుగా చెప్పాపెట్టకుండా ఇళ్ళలో దూరి చూస్తున్నాను. ఎక్కడా కడగలేదు. జేగురు గుర్తులు చెక్కుచెదరకుండా నన్ను చూసి నవ్వుతున్నాయి. ఒక ఇంట్లో మటుకు గుర్తుకి బొట్టు పెట్టి, పూలు పెట్టారు. "అమ్మోరనుకున్నామండి," అన్నారు. అమ్మవారికి నిలువు గీత గీసింది నేనేనని చెప్పలేదు, దణ్ణం పెట్టి వచ్చేశాను.

సుభాషిణి వాళ్ళ ఎదురింట్లో జ్వరం. నాకు నిద్ర పట్టడం లేదు.

ఆషాఢ బహుళ పాడ్యమి

ఇది చదివే సభవారు కూర్చుని చదవండి.

సాయంత్రం కింద ఆసుపత్రిలో మందు తీసుకుని చాయమ్మగారింటికి బయల్దేరాను. ఆవిడ మీదా ఒక కన్నేసి ఉంచాలి కదా. తాడుబండి మధ్యలో ఆగిపోయి ఆలస్యమైంది. నేను వీధి మొదట్లో దిగేసరికి గోడలు తిప్పే వేళయింది. ఆ వేళకి ఎవరింట్లో వాళ్ళుంటారు, నేనూ మా ఇంట్లోనే ఉంటాను. వీధిలో నిలబడి చూడడం ఇదే మొదలు.

ఒక్కో ఇంట్లో గోడ పలకల్ని ఇరుసు మీద తిప్పుతున్నారు. పగలంతా బయట ఉండి గాలిలో తడి తాగిన చలవ ముఖం లోపలికి పోతోంది. పొడి ముఖం బయటికి వస్తోంది. ఆ పొడి ముఖం మీద నా జేగురు సున్నా ఉంది. ఎడంపక్క ఇంటికి ఒకటి, కుడిపక్క ఇంటికి ఒకటి, అలా వీధి పొడుగునా నా గుర్తులన్నీ బయటికి వచ్చి వరసగా నిలబడ్డాయి.

మేం పగలు కొట్టేది లోపలి గోడకే. చీకటి పడేసరికి అదే బయటి గోడ. దోమ రాత్రి కుట్టి, మందు లేని చలవ గోడ మీద చల్లగా పడుకుని, తెల్లారి లేచి పోతోంది. కామేశంగారు మధ్యాహ్నం బండికి వచ్చి సాయంత్రం బండికి పోతారు, కాబట్టి ఆయన గిన్నెలో దోమలన్నీ ధర్మంగా చచ్చాయి. మూడు వానాకాలాలు మేం వీధికి మందు కొట్టాం.

రోజూ నా చేత్తో తిప్పుకునే గోడలే. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికినట్టయింది. సాలమ్మ ఇంటి ముందు ఆగాను. వీధి మొత్తానికి గుర్తు కనబడనిది అక్కడే. చావు ఇంట్లో గోడ తిప్పరు. తిప్పితే పోయినవాళ్ళకి తమ ఇల్లు ఆనవాలు తెలియదట. ఈ గోడలు వచ్చి ఒక తరం కూడా సరిగ్గా కాలేదు, ఆచారం మాత్రం ఆదినుంచీ ఉందంటారు. అక్కడే మెట్టు మీద కూలబడి సిగ్గులేకుండా ఏడ్చాను. పోయినసారి కడుపులోనే పోయిన పిల్ల కోసం మందు నేనే కొట్టించాను మరి, వీధి వైపు.

ఆషాఢ బహుళ షష్ఠి

చలవ ముఖానికి కొట్టి చూశాం. రాత్రి ఆ ముఖం చెమట పోస్తుంది, ఇల్లు చల్లబడేది దానివల్లే. తెల్లారేసరికి మందంతా నేల మీద ఉంది. చీమలు పోయాయి. వచ్చే ఏడాదికి తడిలో నిలిచే మందు చేయిస్తానన్నారు కామేశంగారు. ఈ ఏడాదికి దారి ఒకటే: వానలు వెళ్ళేదాకా ఎవరూ గోడ తిప్పకూడదు.

సభలో ఈ మాట చెప్పాను. మెట్టు పెద్ద రామభద్రంగారు మొదలు అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఉక్కకి ఉడికిపోతామన్నారు కొందరు. అది నిజమే. కానీ అసలు సంగతి ఉక్క కాదు.

"మనిషి పోకుండా గోడ నిలబెట్టడం ఏంటండీ? చావుని పిలిచి పీటేసి కూకోబెట్టడం కాదూ," అంది చాయమ్మగారు నిండు సభలో. "మా ఇంట్లో కడుపుతో ఉన్న పిల్లుందండి. నేనొప్పుకోను."

ఆషాఢ అమావాస్య

ఎదురింటి జ్వరం పక్కింటికి వచ్చింది. చాయమ్మగారి దగ్గరకి వెళ్ళాను. ఆవిడ బెండకాయలు తరుగుతోంది. నేను చెప్పిందంతా తల ఎత్తకుండా విని, కత్తిపీట వాల్చింది.

"మీరు చెప్పింది అబద్ధం అనట్లేదండి వదినగారూ. సాలమ్మ ఇల్లు నేనూ చూశాను. అయినా ఊరికే గోడ నిలబెడితే ఎవర్నో ఒకర్ని రమ్మన్నట్టండి. మా అబ్బాయి కింద పనికి పోయాక ఈ ఇంట్లో ఇద్దరం, కడుపులో ఒకరు. ఎవర్ని తీసుకెళ్ళమంటారు చెప్పండి?"

ఆ మాటకి నా దగ్గర శాస్త్రం లేదు. "అయితే నేను పోతాను," అన్నాను.

"ఎక్కడికండీ?"

"రేవులో నా పేరు పలక బోర్లిస్తాను. కూతురికి తల్లి పోతే వానలు వెళ్ళేదాకా గోడ తిప్పకూడదు కదండీ. మీరెవర్నీ పిలిచినట్టు కాదు. వెళ్ళాల్సినావిడ వెళ్ళిపోయినట్టే."

తాడుబండి రేవులో మెట్టు మీద ఉన్న ప్రతి మనిషికీ ఒక పలక ఉంటుంది. పుడితే వేలాడదీస్తారు, పోతే బోర్లిస్తారు. బోర్లించిన పలకకి బియ్యం ఇవ్వరు, తాడుబండి ఎక్కనివ్వరు. పలక బోర్లించడానికి మనిషి నిజంగా చచ్చి ఉండాలని మాత్రం ఏ నిబంధనలోనూ లేదు. చెప్పక్కర్లేదనుకున్నారు కాబోలు.

చాయమ్మగారు బెండకాయల పళ్ళెం పక్కకి జరిపింది.

"బోర్లించిన పలక మళ్ళీ ఆ మనిషికి తిప్పరండి."

"తెలుసు."

"పోయినోళ్ళు గడప తొక్కకూడదు. మాట్టాడకూడదు. పురిటికి కూడా రాకూడదండి."

తలూపాను.

"నాటకంలాగా అయితే నేనొప్పుకోనండి. చస్తే సుబ్బరంగా చావాలి."

"మీకు లోటు రానివ్వనండి," అన్నాను.

శ్రావణ శుద్ధ విదియ

నేను పోయాను.

రామభద్రంగారు అభ్యంతరం చెప్పబోతే చాయమ్మగారు శోకం మొదలుపెట్టింది. ఆ శోకం ముందు ఎవరి నిబంధనా నిలవలేదు. నేను ఎంత మంచిదాన్నో అందులో చెప్పింది. బతికుండగా ఒక్కటంటే ఒక్క ముక్క అనలేదు. చివర్లో "వంట మాత్రం రాదమ్మా మా వదినకి" అని కూడా రాగం తీసింది.

చిట్టా రాస్తూనే ఉన్నాను. పోయినవాళ్ళు రాయకూడదని ఉత్తర్వులో లేదు.

శ్రావణ శుద్ధ అష్టమి

నా బియ్యం ఆగిపోయింది. చాయమ్మగారు రోజూ మధ్యాహ్నం కాకికని పిట్టగోడ మీద ఆకు వేస్తోంది. అందులో గారెలు, పప్పు, పెరుగన్నం, పక్కన చెంబుతో నీళ్ళు ఉంటాయి. చెంబుతో నీళ్ళు తాగే కాకిని నేనెప్పుడూ చూడలేదు. అసలు కాకితో పోటీపడి తింటున్నాను. దానికి గారె ఇచ్చి రాజీ చేసుకున్నాను. ఆవిడ వంట బాగుంటుంది, ఈ మాట బతికుండగా నేనూ చెప్పలేదు.

తింటుంటే లోపల్నుంచి సుభాషిణి మాటలు వినిపిస్తాయి. "అత్తయ్యగారూ, ఇయ్యాల బిడ్డ బాగా కదులుతోందండి."

"గట్టిగా చెప్పవే, నాకు వినపడదు," అంటుంది చాయమ్మగారు. ఆవిడకి మూడో వీధిలో గుసగుస కూడా వినపడుతుంది.

సుభాషిణి గోడ దగ్గరికి వచ్చి మళ్ళీ చెబుతుంది. నేను ఇవతల గోడకి చెవి ఆనించి వింటాను.

శ్రావణ శుద్ధ ఏకాదశి

గారెలు తిని మురిసిపోయి అసలు విషయం మర్చిపోయాను. మందు గోడ కాటుని ఆపదు. ఎదురింటి రోగిని కుట్టిన దోమ అక్కడ చల్లగా బతికి, విషం ముదిరాక వచ్చి సుభాషిణిని కుడుతుంది. తర్వాత మా గోడ మీద చచ్చినా ఏం లాభం? చుట్టుపక్కల ఇళ్ళూ గోడలు నిలబెడితేనే మా పిల్ల దక్కుతుంది. పోయినదాన్ని కాబట్టి నోరు విప్పలేను. ఏ ఇంటికీ చుట్టం కాని సత్తిపండుకి ఆ పట్టింపు లేదు, అతనితో చెప్పి పంపాను.

అతను వెళ్ళి చెప్పాడట. చాయమ్మగారు విని, చీర మార్చుకుని, చేతికర్ర పట్టుకుని వీధిలో పడిందట.

ముందు ఎదురింటికే వెళ్ళింది. "ఏవమ్మా, మీ అత్తగారి పుట్టిల్లు ముక్కామల కాదూ? మునిగిపోకముందు మా నూకరత్నం వదిన వాళ్ళ మేనమామ ఇల్లు ఆ పక్కదేనమ్మా. నీకు పిన్నత్తగారి వరస అవుద్ది. పిన్నత్తగారు పోతే మీ ఇంట్లో గోడలు తిప్పుకుంటన్నారా? నలుగురూ ఏమనుకుంటారు?"

చుట్టరికం దొరకని చోట రెండిళ్ళకీ పాలిచ్చిన గేదెని పట్టుకుని వరస కలిపిందట. నేను సభలో గొంతు చించుకుని చెబితే ఒక్కరూ వినలేదు. నలుగురూ ఏమనుకుంటారనేసరికి వీధి వీధంతా గోడలు నిలబెట్టింది. పోయాక నాకు చుట్టాలు పెరిగారు. బతికుండగా కాఫీకి పిలవనివాళ్ళు నాకోసం ఉక్కలో విసనకర్రలు విసురుకుంటున్నారు.

శ్రావణ అమావాస్య

చుట్టాలు పోతే మైల ఒక నెలే. నా చావు ఇవాళ్టితో చెల్లిపోతుంది, చాయమ్మగారింట్లో తప్ప. ఈ లెక్క పది రోజుల ముందే వేసుకున్నాం. ఇంకెవరైనా పోవాలి.

సత్తిపండు ముందుకొచ్చాడు. "నేను చచ్చిపోతానండి మేస్త్రిగారూ. మందు అమ్ముకున్నానన్నోళ్ళు ఏడవడం చూడాలండి నాకు." కానీ అతనికి మా మెట్టు మీద సొంత చుట్టం ఒక్కరూ లేరు. చాయమ్మగారి వల్ల కూడా కాలేదు.

ఆవిడ తిన్నగా రామభద్రంగారింటికి వెళ్ళింది. "తమరు పోతే మెట్టంతా వానలు వెళ్ళేదాకా మైల పడుద్దండి. తమకున్న పలుకుబడి ఎవరికుందండి?" పలుకుబడి మాటకి ఆయన మెత్తబడ్డాడు గానీ చావడానికి జంకాడు. తెల్లారేసరికి ఆయన పలక బోర్లా పడి ఉంది. భార్యే బోర్లించిందట. ఆయన వారం రోజులు అలిగి, తర్వాత సంతాప సభకి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఎవరైనా పొగడ్త మర్చిపోతే దగ్గి గుర్తుచేశాడు.

ఇప్పుడు ఏడో మెట్టు మొత్తం గోడ తిప్పడం లేదు. ఇళ్ళు కుంపట్లలా ఉన్నాయి. పసిపిల్లల్ని తడిగుడ్డల్లో పడుకోబెడుతున్నారు. నేను ఎవరింటి ముందు నుంచి వెళ్ళినా తిడుతున్నారు. పోయినదాన్ని కాబట్టి మొహం మీద తిట్టరు, గోడకి తిడతారు.

భాద్రపద శుద్ధ నవమి

కామేశంగారు ఈసారి గిన్నె తేలేదు. రాత్రి బస చేసి, ఇళ్ళలో నేల మీద తెల్లగుడ్డలు పరిపించి, తెల్లారి గుడ్డలు దులిపారు. దోమలు నువ్వుల్లా రాలాయి. ఆయన వాటికేసి చూస్తూ ఇందులో తన పెంపుడువి లేవు కదా అని సంతోషించారు.

"ఇన్నాళ్ళూ మందు సంగతి గోడని అడిగాను తల్లీ. కాపురం సంగతి అడగలేదు," అన్నారు నాతో. చచ్చినవాళ్ళతో మాట్లాడకూడదన్న ఆచారం కింద ఆసుపత్రిలో లేదట.

ఎదురింట్లో తగ్గింది. పక్కింట్లో తగ్గింది. కొత్తగా ఎవరికీ రాలేదు. ఆరో మెట్టులో మాత్రం మంచాలు ఖాళీ లేవు. అక్కడివాళ్ళు తమకీ నేను వరసకి ఏమవుతానో కనుక్కోమని చాయమ్మగారికి కబురు పెట్టారు.

ఆశ్వయుజ శుద్ధ దశమి

పొద్దున్నే ఏడుపు వినిపించింది. పసిపిల్ల ఏడుపు. నేను పిట్టగోడ మీద కాకి పక్కన కూర్చుని ఉన్నాను.

"ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు," అని చాయమ్మగారు వీధిలోకి వచ్చి కాకికి చెప్పింది. కాకి ఎగిరిపోయింది. ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది. పిల్ల ఎంత బరువు, ముక్కు ఎవరిది, జుట్టు ఎంత, అన్నీ చెప్పింది. నేను చీర చెంగు నోట్లో కుక్కుకుని విన్నాను. రెండు నెలలకి పైగా ఆ గడప ఇవతలే ఉన్నాను గానీ ఆ పూట ఉన్నంత దూరం ఎప్పుడూ అనిపించలేదు.

కార్తీక శుద్ధ విదియ

ఈ వేళ బారసాల. వానలు వెళ్ళిపోయాయి, మైల తీరింది. పొద్దున చాయమ్మగారు రేవుకి వెళ్ళి, బోర్లా ఉన్న నా పలక తీసి, తుడిచి, పసుపు రాసి, మనవరాలి పేరు మీద తిరగేసి వేలాడదీసింది. పోయిన అమ్మమ్మ పేరు పెట్టుకోవడం ఎక్కడైనా ఉన్నదే. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. నాకసలే రాలేదు.

సాయంత్రం వీధిలో నిలబడ్డాను. చాలాకాలానికి గోడలు తిరిగాయి. మాసిపోయిన నా జేగురు గుర్తులు మళ్ళీ వీధి వైపు వచ్చాయి. లోపల పిల్ల గుక్కపట్టింది.

"నూకరత్నం, ఇంక నోరు ముయ్యవే తల్లీ," అంది చాయమ్మగారి గొంతు. ఎంత తృప్తిగా అందో. ఎన్నేళ్ళుగా దాచుకున్న మాటో. లోపల సుభాషిణి పకపకా నవ్వింది. నిరుటి వానాకాలం తర్వాత ఆ నవ్వు వినడం ఇదే.

తలుపు తెరుచుకుంది. చాయమ్మగారు గడపలో నిలబడి, నన్ను కాకుండా నా పక్క గాలిని చూస్తూ లోపలికి కేకేసింది. "అమ్మాయ్, ఎవరో దారినపోయే ఆవిడ నిలబడ్డారు. లోపలికొచ్చి పిల్లనెత్తుకోమను. మా వదినగారు కాదులే. ఆవిడ ఉయ్యాల్లో ఉన్నారు కదా."

గడప దాటాను. సుభాషిణి పిల్లని నా చేతుల్లో పెట్టింది. వేడిగా ఉంటుందేమోనని ముందు నుదురు తాకి చూశాను. చల్లగా ఉంది.

"ఇంతకీ తమ పేరేంటండీ?" అని అడిగింది చాయమ్మగారు, పీట వేస్తూ.

"ఇంకా పెట్టలేదండి," అన్నాను.